కారులో దారి చూపే యంత్రం: ‘దగ్గర దారి’ వేరు, ‘త్వరగా చేరే దారి’ వేరు

సరిహద్దు గ్రామాల వారికి ప్రయాణమంటే తరచుగా రాష్ట్రం దాటడమే. పొలం ఒక రాష్ట్రంలో, వియ్యాలవారు మరొక రాష్ట్రంలో ఉండడం ఈ ప్రాంతాలలో సర్వసాధారణం. ఇచ్ఛాపురం పరిసరాల వారు రోగిని బరంపురం తీసుకొని వెళతారు. చిత్తూరు పల్లెల వారు వెల్లూరుకు తీసుకొని వెళతారు. ఇటువంటి ప్రయాణాలలో, ముఖ్యంగా రాత్రి వేళ, కారులో అమర్చిన జీపీఎస్ యంత్రం మీద ఆధారపడక తప్పదు. అయితే యంత్రం చూపే దారి, అందులో ముందుగా పెట్టి ఉంచిన అమరికలను బట్టి మారుతుంది. ఆ అమరికలు తెలియకపోతే గంటలో చేరవలసిన ఆసుపత్రికి రెండు గంటలు పట్టవచ్చు.

యంత్రం దారిని ఎలా ఎంచుతుంది?

ఉపగ్రహాలే దారి చూపుతాయని చాలామంది భావిస్తారు. అది నిజం కాదు. ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాల వలన కారు ఎక్కడ ఉన్నదో మాత్రమే తెలుస్తుంది. ఇందుకు సాధారణంగా కనీసం 4 ఉపగ్రహాల సంకేతాలు అందాలి. దారిని లెక్కకట్టేది మాత్రం యంత్రమే. దానిలో నిక్షిప్తమైన పటంలో ప్రతి రోడ్డూ కూడళ్ల మధ్య చిన్న చిన్న ముక్కలుగా నమోదై ఉంటుంది. ఒక్కొక్క ముక్కకు పొడవు, రోడ్డు తరగతి, అంచనా వేగం రాసి ఉంటాయి. యంత్రం ఈ ముక్కలను కూడుతూ పోయి, మొత్తం అతి తక్కువగా వచ్చే వరుసను ఎంచుతుంది. ఈ విధమైన లెక్కకు పునాది వేసిన పద్ధతిని డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1959లో ప్రచురించాడు.

కూడవలసినది కిలోమీటర్లనా, నిమిషాలనా? యజమాని చెప్పవలసిన మాట అదే. ‘షార్టర్ డిస్టెన్స్’ అని పెడితే యంత్రం కిలోమీటర్లను కూడుతుంది. ‘ఫాస్టర్ టైమ్’ అని పెడితే నిమిషాలను కూడుతుంది.

ఒక ఊరికి రెండు దారులు ఉన్నాయనుకుందాం. ఒకటి 60 కిలోమీటర్ల జాతీయ రహదారి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళితే ఒక గంట పడుతుంది. రెండవది 48 కిలోమీటర్ల పల్లెదారి. గుంతలు, మలుపులు, పశువుల మందల మధ్య గంటకు 32 కిలోమీటర్లకు మించి వెళ్లలేకపోతే గంటన్నర పడుతుంది. ‘దగ్గర దారి’ అమరిక రెండవదానినే చూపుతుంది. 12 కిలోమీటర్లు కలిసి వస్తాయి కాని అరగంట పోతుంది. కనుక నిత్య ప్రయాణాలకు ‘త్వరగా చేరే దారి’ అమరికనే ఉంచుకోవడం మంచిది.

కొన్ని యంత్రాలలో ‘ఆఫ్ రోడ్’ అనే మూడవ అమరిక కూడా ఉంటుంది. అది రోడ్లను పట్టించుకోకుండా గమ్యానికి తిన్నగా ఒక గీత గీస్తుంది. కాలినడకన కొండలు, అడవులు తిరిగే వారికి ఉద్దేశించిన ఆ అమరిక కారు ప్రయాణానికి పనికిరాదు. తెర మీద గీత చెరువుల మీదుగా, పొలాల మీదుగా పోతూ ఉంటే యంత్రం చెడిపోయిందని అనుకోకుండా ముందుగా ఈ అమరికను చూసుకోవాలి.

‘తప్పించు’ అమరికలు

‘అవాయిడెన్సెస్’ అనే శీర్షిక కింద టోల్ రోడ్లు, హైవేలు, మట్టిరోడ్లు, పడవ దాటింపులు మొదలైనవి ఉంటాయి. దేనికి గుర్తు పెడితే దానిని యంత్రం వీలైనంత వరకు తప్పిస్తుంది. అయితే చాలా యంత్రాలలో ఇది సంపూర్ణ నిషేధం కాదు. వేరే దారి లేనప్పుడు తప్పించమన్న రోడ్డు మీదికే యంత్రం తీసుకొని పోవచ్చు.

టోల్ తప్పించమని ఒకసారి పెట్టిన గుర్తు, తిరిగి తీసివేసే వరకు అలాగే ఉండిపోతుంది. ఖర్చు కలిసి వస్తుందని పగటిపూట పెట్టిన ఆ గుర్తే, అత్యవసరంగా బయలుదేరిన రాత్రి కారును హైవే నుంచి పల్లెదారులకు మళ్లిస్తుంది.

పడవ దాటింపుల సంగతి గోదావరి తీరం వారికి చక్కగా అర్థమవుతుంది. యానాం నుంచి కోనసీమ మీదుగా నర్సాపురం వెళ్లే వారికి వశిష్ఠ గోదావరి అడ్డు వస్తుంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి దాటవచ్చు, లేదా దిండి దగ్గర చించినాడ వంతెన మీదుగా వెళ్లవచ్చు. పడవలను తప్పించమని చెప్పకపోతే యంత్రం రేవుకు దారి చూపవచ్చు. గోదావరికి వరద వస్తే పంటు నిలిపివేస్తారన్న సంగతి దానికి తెలియదు.

యంత్రానికి తెలియనివి

మైసూరు నుంచి బందిపుర అడవి మీదుగా ఊటీ వెళ్లే రోడ్డులో 2009 నుంచి రాత్రి 9 గంటల తరువాత ఉదయం 6 గంటల వరకు సాధారణ వాహనాల రాకపోకలపై నిషేధం ఉన్నది. చామరాజనగరం నుంచి సత్యమంగళం దిగే దింబం ఘాట్‌లో 27 హెయిర్‌పిన్ మలుపులు ఉన్నాయి. పాత పటం గల యంత్రం రాత్రి పది గంటలకు కూడా ఈ దారులనే సూచించవచ్చు. గేటు దగ్గరకు చేరిన తరువాత తెల్లవారే వరకు ఆగడమో, వెనుదిరగడమో తప్ప మార్గం ఉండదు.

రాష్ట్ర సరిహద్దు కూడా యంత్రానికి లెక్కలోనిది కాదు. మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ నేల ఉన్న పావగడ వంటి తాలూకాలలో యంత్రం చూపే దారి ఒక రాష్ట్రం నుంచి మరొక దానిలోకి పోయి మళ్లీ వెనుకకు రావచ్చు. సొంత కారుకు ఇబ్బంది లేదు. బాడుగ కారైతే ఆ రాష్ట్రంలో తిరిగేందుకు పర్మిట్ ఉన్నదో లేదో డ్రైవరును ముందుగానే అడగాలి.

బయలుదేరే ముందు

ఇంటి దగ్గర తీరికగా ఉన్నప్పుడే అమరికలను సరిచూసుకోవాలి. ‘త్వరగా చేరే దారి’ ఉన్నదా, మట్టిరోడ్లకు, పడవలకు ‘తప్పించు’ గుర్తు ఉన్నదా, టోల్‌కు పాత గుర్తు మిగిలిపోయిందా అని చూడాలి. గమ్యం నమోదు చేసిన తరువాత దారి మొత్తాన్ని ఒకసారి తెర మీద చూసి, ఏయే ఊళ్ల మీదుగా పోతున్నదో గమనించాలి. తెలిసిన మంచి దారికి యంత్రం రాకపోతే, ఆ దారిలోని ఒక ఊరిని మధ్య మజిలీగా నమోదు చేస్తే సరిపోతుంది. తయారీదారులు ఇచ్చే కొత్త పటాన్ని వీలైనప్పుడల్లా ఎక్కించుకోవాలి. లేకపోతే కొత్త బైపాస్‌లు, వంతెనలు యంత్రానికి తెలియవు.

ఫోనులోని పటాలకు కూడా ఈ జాగ్రత్తలు చాలావరకు వర్తిస్తాయి. వాటిలోనూ టోల్, హైవే, పడవల ‘తప్పించు’ గుర్తులు ఉంటాయి. అడవి దారులలో సిగ్నల్ అందదు కనుక ఆ ప్రాంతపు పటాన్ని ముందుగానే దించుకోవాలి.

ఇవన్నీ చేసిన తరువాత కూడా రాత్రి ప్రయాణానికి ముందు ఆ దారిన తరచుగా తిరిగే బస్సు లేదా లారీ డ్రైవరును ఒక మాట అడగడం మేలు. గేటు ఎప్పుడు మూస్తారో, ఏ వాగు పొంగిందో అతనికే తెలుస్తుంది.