టెన్నిసు క్రీడాకారిణి సానియా మీర్జా



బీచుపల్లి ఆంజనేయస్వామి కోవెల చెంత కృష్ణానదిని చూచుచు కాలము గడుపు ముసలివానికి టెన్నిసుతో నేమి పని యని మీరడుగవచ్చును. మా మనుమరాలు షటిలాటలో చేయి బెణికి, "తాతా, నేనిక ఆడను" అని మూల కూర్చుండెను. ఆమెకు చెప్పిన కథనే మీకును విన్నవించెదను.

సానియా మీర్జా 1986 నవంబరు 15వ తేదీన బొంబాయిలో జన్మించి, హైదరాబాదులో పెరిగెను. ఆఱవయేటనే రాకెట్టు పట్టెను. తండ్రి ఇమ్రాన్ మీర్జాయే శిక్షకుడు. 2003లో వింబుల్డను బాలికల జంటపోటీలో గెలుపొందెను. 2005 ఫిబ్రవరిలో హైదరాబాదుననే జరిగిన పోటీలో జయించి, డబ్ల్యు.టి.ఏ. ఒంటరి పోటీ గెలిచిన మొదటి భారతవనిత యయ్యెను. 2007 ఆగస్టున ప్రపంచమున 27వ స్థానము నందెను.

అంతలో కష్టము వచ్చెను. 2008లో కుడి మణికట్టునకు శస్త్రచికిత్స జరిగెను. ఆమె బలమంతయు కుడిచేతి దెబ్బలోనే గదా! ఆ చేయియే సడలినచో గతి యేమి?

ఇచ్చట ఆటస్థలపు కొలతలు గమనింపదగినవి. ఒంటరియాటలో 27 అడుగుల వెడల్పును ఒక్కరే కాచుకొనవలెను. జంటయాటలో వెడల్పు 36 అడుగులైనను, ఇద్దరు పంచుకొందురు గనుక ఒక్కొక్కరి పాలు 18 అడుగులే. పరుగు తగ్గును, దెబ్బ విలువ మాత్రము తగ్గదు. 2013 నాటికి సానియా ఒంటరి పోటీలను విడిచి, జంటయాటనే నమ్ముకొనెను.

అప్పటికే మహేశ్ భూపతితో 2009లో ఆస్ట్రేలియా, 2012లో ఫ్రెంచి మిశ్రమ పోటీలను గెలిచియుండెను. 2014లో బ్రూనో సోరెస్‌తో అమెరికా పోటీ గెలిచెను. పిమ్మట స్విట్జర్లండు దేశస్థురాలు మార్టినా హింగిస్ తోడయ్యెను. వెనుకనుండి సానియా బలముగా కొట్టగా, వలకడ హింగిస్ నేర్పుతో ముగించెడిది. వారు వరుసగా 41 ఆటలు గెలిచిరి. 2015లో వింబుల్డను, అమెరికా, 2016లో ఆస్ట్రేలియా బిరుదములు వారికే దక్కెను. 2015 ఏప్రిలు 13న సానియా జంటయాటలో ప్రపంచమున ప్రథమస్థాన మలంకరించెను.

2018లో తల్లియైన పిదపను ఆమె ఆట మానలేదు. 2020 జనవరిలో హోబర్టున మరల జంటపోటీ గెలిచెను. 2023 ఫిబ్రవరిలో దుబాయిన తుదియాట ఆడి విరమించెను.

కథ విని మా మనుమరాలు కొంతసేపు తన చేతికట్టును చూచుకొనెను. పిదప, "అయితే తాతా, నాకు జోడీ ఎవరు?" అని యడిగెను. ఆ జోడీని వెదకుటయే ఇప్పుడు మా యింటి పని.