పొయ్యి ఒకటే, పంక్తులే రెండు

అమెరికా వెళ్లి వచ్చినవాణ్ణి మనవాళ్లు మొట్టమొదట అడిగే ప్రశ్న, ‘అక్కడ తిండికేం చేశావు?’ అని. నయాగరా సంగతి ఆ తర్వాతే. అంచేత నేనూ తిండి సంగతే చెబుతాను.

మా మేనల్లుడు ఉత్తర కరొలైనా రాష్ట్రంలో, రాలీ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఒక శనివారం పొద్దున్నే, “మావయ్యా, ఇవాళ ఇంట్లో వంట లేదు. లెక్సింగ్టన్ వెళ్దాం పద” అని కారు తీశాడు. సుమారు నూరు మైళ్ల ప్రయాణం. ఇరవై వేలకు కాస్త తక్కువ జనాభా ఉన్న ఊరు. ఒకప్పుడు కుర్చీలు, బల్లలు చేసే కర్మాగారాలకు పేరుపడింది. ఇప్పుడు ఆ ఊరి పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది బార్బెక్యూ. 1984లో మొదలుపెట్టి, అక్టోబరు నెలలో దానికో ఉత్సవమే చేస్తుంటారు.

హోటలు కనబడకముందే పొగ ఎదురొచ్చింది. వెనకవైపు హికరీ కట్టెలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. కట్టెల్ని విడిగా మండించి, నిప్పులు మాత్రం పారతో తీసి ఇటుక పొయ్యిలో చల్లుతారు. పైన ఇనప చట్రం మీద పంది భుజం మాంసం. దానికి మంట తగలకూడదు, సెగ తగలాలి. గంటల తరబడి, పొద్దంతా అలా మగ్గాలి. కరిగిన కొవ్వు నిప్పుల మీద బొట్లు బొట్లుగా పడితే లేచే పొగే దానికి తాలింపు.

లోపల వడ్డించే ఆవిడ నన్ను ‘హనీ’ అని పిలిచింది. కంగారుపడకండి, ఆ దేశపు దక్షిణాది ఊళ్లలో అందర్నీ అలాగే పిలుస్తారు, మన ‘నాయనా’ లాగ! పాకంలాంటి చల్లని టీ పెట్టింది. తర్వాత తరిగిన మాంసం, వెనిగరులో టమాటా కెచప్, మిరియాలు కలిపిన పల్చని పులుసు, అదే పులుసు పట్టించిన క్యాబేజీ తురుము, మొక్కజొన్న పిండితో వేయించిన ఉండలు వచ్చాయి. ఆ ఉండలు మన పునుగులకు పినతల్లి బిడ్డలు.

ఆ రాష్ట్రంలోనే తూర్పువైపు వాళ్లు ఈ వంటను ఒప్పుకోరట. పందిని మొత్తంగా కాల్చాలి, పులుసులో టమాటా పడకూడదు అంటారు. గుంటూరు, గోదావరి వాళ్లు పప్పులో బెల్లం గురించి వాదించుకోవడం విన్నవాణ్ణి, నాకిది కొత్తగా తోచలేదు.

పక్క బల్ల దగ్గర ఒక నల్లజాతి తాతగారు మనవలతో భోంచేస్తున్నారు. మావాడు మెల్లిగా, “ఆయన చిన్నప్పుడు దక్షిణాదిలో చాలా హోటళ్లలో ఇలా కూచోనిచ్చేవారు కాదు మావయ్యా” అన్నాడు.

అది నిజం. ఈ వంటను ఆ ప్రాంతానికి మప్పినవారిలో బానిసలుగా బతికిన నల్లజాతివారిదే పెద్ద చెయ్యి. పెద్ద విందుల్లో రాత్రంతా నిప్పుల దగ్గర కూచున్నది వాళ్లే. కాని పంక్తిలో వాళ్లకు చోటు లేదు. అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో ఆలీస్ అనే బార్బెక్యూ హోటలుండేది. పనివాళ్లు ముప్పై ఆరుగురిలో మూడింట రెండు వంతులు నల్లవారే. కాని నల్లవారు కొనుక్కుంటే పొట్లం కట్టించుకుని బయటికి పోవాలి. 1964 జులైలో పౌరహక్కుల చట్టం వచ్చింది. హోటలువారు కోర్టుకెక్కారు. ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు, ఆ మాంసంలో చాలాభాగం బయటి రాష్ట్రాల నుంచి వస్తోంది కనుక కేంద్రం చట్టం దానికీ వర్తిస్తుందని తీర్పు చెప్పింది. మాంసం ఎల్లలు దాటి వచ్చిన పుణ్యమా అని మనుషులు గడప దాటారు!

‘ఎంత అన్యాయం!’ అందామని నోరు తెరిచి, ఆగిపోయాను. నాకు మరో విందు గుర్తొచ్చింది.

మా ఇంట్లో కోడి, చేప వండుతారు. పంది మాటెత్తితే మా అమ్మ చెవులు మూసుకునేది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక శిష్యుడు తన అక్క పెళ్లికి పిలిచాడు. పందుల్ని పెంచుకుని బతికే కుటుంబం. వెళ్లాను. అక్షింతలు వేశాను. భోజనానికి లేవమంటే, కడుపులో బాగాలేదని చెప్పి ఒక సోడా తాగి వచ్చేశాను. ఆ కుర్రవాడు సరేనన్నాడు. హోటళ్లలో ఎవరినీ అడ్డగించరాదని మన రాజ్యాంగంలో 1950 నుంచీ ఉంది. నేనే క్లాసులో అంటరానితనం మీద పద్యాలు చెప్పేవాణ్ణి. నా కడుపునొప్పి మాత్రం ఏ చట్టానికీ అందలేదు.

ఇప్పుడు అదే మాంసం, పింగాణీ పళ్లెంలో, సముద్రాల అవతల! ‘భేష్’ అంటూ రెండోసారి వడ్డించుకున్నాను. ఎంత రుచిగా ఉందో అంత సిగ్గువేసింది.

ఊరికి తిరిగొచ్చాక ఆ శిష్యుడికి ఫోను చేశాను. ఇప్పుడతను పంతులుగారు. లెక్సింగ్టన్ భోజనం సంగతంతా చెప్పాను. కాసేపు విని నవ్వాడు.

“అయితే మాస్టారూ, ఆవేళటి కడుపునొప్పి ఇన్నాళ్లకు తగ్గిందన్నమాట!”

నాకు గొంతు పెగల్లేదు. అతనే అందుకుని, “వచ్చే నెల మావాడి పుట్టినరోజు. మీరూ, అమ్మగారూ తప్పకుండా రావాలి. మీకు విడిగా ఏం వండించమంటారు?” అన్నాడు.

“విడిగా ఏమీ వద్దు బాబూ. మీ ఇంట్లో అందరికీ ఏది వండితే అదే” అన్నాను.