నెలనెలా తిరిగివచ్చే నొప్పి

సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో ఒక తల్లికి సిజేరియన్ ఆపరేషన్ జరిగి రెండు మూడేళ్లయినదనుకుందాం. కుట్టు ఎప్పుడో మానినది. కాని ఆ మచ్చ పక్కన గోలీకాయంత గడ్డ చేతికి తగులుతున్నది. నెలలో మూడు నాలుగు రోజులు అది ఉబ్బి నొప్పి పెడుతుంది, తరువాత తగ్గుతుంది. నాట్లు వేసేటప్పుడు వంగడంవల్ల అని ఒకరు, దారం లోపల మిగిలినదని మరొకరు అంటారు. అసలు కారణం వేరు కావచ్చును. దానిని పట్టి ఇచ్చేవి నొప్పి వచ్చే తేదీలే.

గర్భాశయం లోపలి గోడకు ఒక మెత్తని పొర ఉన్నది. ఈస్ట్రోజెన్ అనే హార్మోనువల్ల అది ప్రతినెలా దళసరి అవుతుంది. గర్భం నిలవకపోతే రక్తంతో కలిసి ఊడిపోతుంది. ఇదే బహిష్టు. ఈ పొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల పెరగడాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. అక్కడ కూడ అది నెలనెలా ఉబ్బి రక్తం కారుస్తుంది. ఆ రక్తం బయటపడే దారి లేదు. అందువల్లనే వాపు, నొప్పి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పిల్లలు కలిగే వయస్సులోని స్త్రీలలో నూటికి సుమారు 10 మందికి ఈ వ్యాధి ఉన్నది. ఎక్కువమందిలో ఇది పొత్తికడుపు దాటదు. దాటినప్పుడు బొడ్డులో, ఆపరేషన్ మచ్చలో, ఉదరవితానం మీద, మరీ అరుదుగా మెదడులో సైతం కనిపించినది.

అంతదూరం ఎట్లా పోతుంది? బహిష్టు రక్తం కొంత వెనుకకు మళ్లి, అండవాహికల గుండా కడుపులోకి చేరుతుందని 1927లో అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్ వివరించెను. కడుపులోని ద్రవం కుడివైపుగా ఉదరవితానం దాకా ప్రసరిస్తుంది. అందుచేతనే రొమ్ములోని వ్యాధి ఎక్కువగా కుడివైపున వస్తుందని భావిస్తారు. అట్టివారిలో కొందరికి బహిష్టు మొదలైన మూడు రోజులలోపల ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఆయాసం కలుగుతుంది. మచ్చ సంగతి ఇంకా సులభం: నారుమడిలోని మొక్క మరొక మడిలో నాటుకొన్నట్లు, ఆపరేషన్‌లో గర్భాశయపు కణాలు గాయానికి అంటుకొని పెరుగుతాయి.

ఇట్లా జరిగేది నూటికి ఒకరికన్న తక్కువమందికే. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తంమీద 21.5. కనుక ఈ ప్రాంతంవారు దీనిని ఎరిగి ఉండడం అవసరం.

అల్ట్రాసౌండ్ పరీక్ష గడ్డను చూపుతుంది. సూక్ష్మదర్శిని కింద కణజాలాన్ని చూస్తే వ్యాధి నిర్ధారణ అవుతుంది. మచ్చలోని గడ్డను కోసి తీసివేస్తారు. ఇతర చోట్ల హార్మోను మందులు కూడ ఉపయోగపడతాయి. కొందరిలో నొప్పి నెలంతా ఉండవచ్చును గాని, చాలమందిలో అది లెక్క తప్పదు. నొప్పి వచ్చిన రోజులను, బహిష్టు రోజులను ఒకే క్యాలెండరుమీద గుర్తుపెట్టి, మూడు నెలల తరువాత డాక్టరుకు చూపితే చాలు. బడికి రాలేనంత నొప్పితో బాధపడే బాలికకు "ఆడపిల్లకు ఇది మామూలే" అని చెప్పేకంటె, ఆ క్యాలెండరును చేతికివ్వడం మేలు.