ఇసుక తాబేలు ఎవరితో మాట్లాడాలి?

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట దాదాపు ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు లక్షల్లో ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. 2023లో ఆ లెక్క 6 లక్షలు దాటింది. ఈ తాబేలే ఒడిశా ఇసుక శిల్పులకు ఇష్టమైన బొమ్మ. పూరీకి చెందిన సుదర్శన్ పట్నాయక్ (2014లో పద్మశ్రీ) దాన్ని చెక్కి, ప్లాస్టిక్ వద్దని ఎన్నోసార్లు చెప్పారు. బరంపురానికి దగ్గరలోని గోపాల్‌పూర్ తీరంలోనూ ఇలాంటి శిల్పాలు వెలుస్తుంటాయి.

సముద్రం గురించి చెప్పడానికి ఇసుకను మించిన సరుకు లేదు. తడి ఇసుకను కుప్పపోసి, తొక్కి గట్టిచేసి, పైనుంచి కిందికి చెక్కుకుంటూ వస్తారు. కింద మొదలుపెడితే పైనుంచి రాలే ఇసుక చేసిన పనిని చెడగొడుతుంది. రేణువుల మధ్య ఉన్న పల్చటి నీటి పొరే బొమ్మను నిలబెడుతుంది. తడారితే రాలిపోతుంది, చెత్త మిగలదు. అయితే గుడ్లుండేది ఇసుకలో అడుగున్నర లోతున. కాబట్టి తాబేళ్లు గుడ్లు పెట్టే మేర పార ముట్టకూడదు.

బొమ్మ ఏం చెప్పాలన్నదే అసలు సంగతి. ప్లాస్టిక్ సంచిని జెల్లీచేప అనుకుని తాబేలు మింగేస్తుంది, నిజమే. కానీ వల ఇంకా పెద్ద గండం. తాబేలు గాలి పీల్చే ప్రాణి. ట్రాలర్ వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చస్తుంది. అందుకే ఇక్కడి తీరంలో నవంబరు 1 నుంచి మే 31 దాకా చేపల వేటపై నిషేధం ఉంది. తెగిపోయి సముద్రంలో వదిలేసిన వల కూడా ఏళ్ల తరబడి ప్రాణాలు తీస్తూనే ఉంటుంది.

ఈ మాట పర్యాటకుల కంటే ముందు పడవల దగ్గరికి చేరాలి. గంజాం తీరంలో ఇళ్లలో తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒడియా, ఇంగ్లిషు నినాదాలకంటే పొదంపేట, గోఖరకుద, పురుణబంధ లాంటి ఊళ్లలో ఇసుకకు బదులు గోడమీద గీసిన బొమ్మ నేరుగా పనిచేస్తుందని నా నమ్మకం. అది జాలి పుట్టించి ఊరుకోకుండా చేయాల్సిన పని చూపించాలి. తాబేలు పిల్లలు రాత్రిపూట ఇసుకలోంచి బయటపడి, వెలుతురు కనిపించే దిక్కుకు పాకుతాయి. చీకట్లో ఆ వెలుతురు సముద్రం మీదే ఉంటుంది. ఒడ్డున వీధిదీపం వెలిగితే ఊరివైపు తిరిగి కుక్కలకు, కాకులకు ఆహారమవుతాయి. సముద్రంవైపు రేకు కప్పిన దీపాన్ని, తెగిన వలను పడవలో వేసుకుని తెచ్చే మనిషిని గీస్తే చాలు, ఏం చేయాలో చదువు రానివారికీ తెలుస్తుంది.

తాబేలు పిల్లలు బయటికొచ్చేది ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో. ఆలోగానే గోడల మీద రంగు ఆరాలి.