భుజాన గిటార్... సంచిలో యాంప్లిఫయర్!
ఆర్కెస్ట్రా వేదికలపై డిజిటల్ మోడలర్లు
ఇంట్లో అదిరిన ధ్వని పందిట్లో ఎందుకు తేలిపోతోంది?

బళ్లారి: పెళ్లి రిసెప్షన్ కావచ్చు, వినాయక మండపం కావచ్చు... సరిహద్దులో ఆర్కెస్ట్రా గిటారిస్టు పని కత్తి మీద సామే. రెండు తెలుగు పాటలు పడితే రెండు కన్నడ పాటలు పడాలి, మధ్యలో ఓ హిందీ పాట ఉండాలి. 1981లో వచ్చిన కన్నడ చిత్రం 'గీతా' పాటలకు తేటగా, గలగలమనే గిటార్ కావాలి. ఇళయరాజా బాణీలు కాబట్టి ఇక్కడ రెండు భాషల వాళ్లకూ అవి సొంత పాటలే. ఆ వెంటనే మాస్ పాట అందుకున్నారా, గరగరలాడే డిస్టార్షన్ కావాలి. రెండింటి మధ్య దొరికేది యాంకరు మైకులో మాట్లాడే అర నిమిషమే.

ఆ అర నిమిషంలో ధ్వని మార్చలేకపోతే గిటార్ బిట్ కూడా కీబోర్డు మీదే పలికించేస్తారు. నాలుగు ప్రోగ్రాముల్లో ఇలా జరిగితే అయిదో దానికి గిటారిస్టుకు ఫోన్ రాదు. పాటలు 'ట్రాక్' మీద నడిచిపోతున్న రోజులివి. ఖర్చు తగ్గించుకోవాలనుకునే నిర్వాహకుడికి ముందు కనబడే ఖాళీ కుర్చీ అదే. అందుకే డిజిటల్ యాంప్ మోడలర్ ఇప్పుడు సరదా వస్తువు కాదు, పొట్టకూటి వ్యవహారం.

బరువు దిగింది

పాత పద్ధతిలో మంచి ధ్వని కావాలంటే వాల్వుల యాంప్లిఫయర్ మోయాల్సిందే. ప్రపంచమంతా పేరున్న ఫెండర్ ట్విన్ రివర్బ్ ఒక్కటే దాదాపు 29 కిలోలుంటుంది. దాన్ని బస్సు టాపు మీదికి ఎక్కించి దించేసరికి చేతులు గిటార్ పట్టేలా ఉండవు. పైగా వాల్వు యాంపు బాగా గట్టిగా పెడితేనే అసలు రుచి చూపిస్తుంది. రాత్రి పది దాటాక మైకులు ఆపాలని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పండుగ రోజుల్లో ప్రభుత్వం సడలింపు ఇచ్చినా అర్ధరాత్రి వరకే. 'గిటార్ స్వల్ప కమ్మి మాడి సార్' అని మిక్సర్ దగ్గర్నుంచి కేక వస్తే వాల్వు యాంపులో ఆ రుచీ తగ్గిపోతుంది. మోడలర్‌కు ఆ బాధ లేదు. వాల్యూమ్ తగ్గించినా గరగర అలాగే ఉంటుంది.

1995లో రోలాండ్ వీజీ-8, 1998లో లైన్ 6 కంపెనీ పాడ్ వచ్చాక ఈ దారి తెరుచుకుంది. చిక్కుడు గింజ ఆకారంలో ఎర్రగా ఉండే ఆ పాడ్‌ను స్టూడియోల్లోనూ, ఇళ్లలోనూ తెగ వాడారు. 2011లో జర్మనీకి చెందిన కెంపర్ మరో పద్ధతి తెచ్చింది. నిజం యాంపులోకి పరీక్ష శబ్దాలు పంపి, అది ఎలా బదులిస్తుందో కొలిచి, నకలు తీసుకోవడం! 2022లో వచ్చిన టోనెక్స్ లాంటివి అదే పని కృత్రిమ మేధతో చేస్తున్నాయి. న్యూరల్ యాంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ అయితే ఉచితంగానే దొరుకుతోంది.

లోపల జరిగేదేంటి?

తీగ మీటగానే వచ్చే కరెంటు సంకేతాన్ని ఈ పెట్టె సెకనుకు 44,100 సార్లో, 48,000 సార్లో కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెల మీద లెక్కలు కట్టి వాల్వులు, స్పీకరు పెట్టె, దాని ముందుండే మైకు చేసే పనిని అనుకరిస్తుంది. మళ్లీ వాటిని సంకేతంగా మార్చి మిక్సర్‌కు ఇస్తుంది. దీనికంతా రెండు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. శబ్దం గాలిలో మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. అంటే మీటరు దూరంలో ఉన్న యాంపు ముందు వాయించినట్టే. ఆలస్యం అవుతోందన్న ఫిర్యాదులో పెద్ద పస లేదు.

అన్నిటికన్నా ముఖ్యం స్పీకరు పెట్టె అనుకరణే. అది ఆపేసి డిస్టార్షన్‌ను నేరుగా మిక్సర్‌కు పంపితే తేనెటీగలు ముసిరినట్టు ఉంటుంది. అదే అనుకరణ ఆన్ చేసి మామూలు గిటార్ యాంపులోకి పంపితే దుప్పటి కప్పినట్టు మూగబోతుంది. కొత్తగా కొన్నవాళ్లు 'పెట్టె బాగోలేదు' అని తిరిగి అమ్మేయడానికి చాలాసార్లు ఈ ఒక్క మీటే కారణం.

ఇల్లు వేరు... పందిరి వేరు

అసలు తిప్పలు ఇక్కడే. ఇంట్లో పిల్లలు పడుకున్నాక హెడ్‌ఫోన్ పెట్టుకుని గంటల తరబడి ధ్వనులు తయారుచేసుకుంటారు. బాస్ నిండుగా, ట్రెబుల్ మిలమిలలాడుతూ సినిమా రికార్డింగులా ఉంటుంది. పందిట్లోకి వచ్చేసరికి బాస్ గుమ్మంటుంది, ట్రెబుల్ చెవులు కోస్తుంది. మరోపక్క డ్రమ్స్, కీబోర్డు మొదలుకాగానే గిటార్ ఎక్కడుందో తెలియదు. ఇది పెట్టె తప్పు కాదు. మన చెవి తీరే అంత. శబ్దం చిన్నగా ఉన్నప్పుడు చెవికి బాస్, ట్రెబుల్ తక్కువ వినిపిస్తాయి. గట్టిగా ఉన్నప్పుడు ఎక్కువ వినిపిస్తాయి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ దీన్ని 1933లోనే గీతలు గీసి చూపించారు. ఇంట్లో ఆ కొరత తీర్చడానికి తెలియకుండానే రెండూ పెంచేస్తాం. మధ్యస్థాయి, అంటే గిటార్ నిజంగా పలికే చోటు, పలచబడిపోతుంది.

అందుకే ధ్వనులు వేదిక మీద, బృందంతో కలిసి, నిజం వాల్యూమ్‌లో సరిచేసుకోవాలి. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఆ కింద ఉన్నదంతా బాస్ గిటార్‌కూ, డ్రమ్ముకూ వదిలేయడమే మర్యాద. పైన ఆరేడు వేల హెర్ట్జ్ దాటింది కోసేస్తే గీర తగ్గుతుంది. ఒంటరిగా వింటే ఆ ధ్వని చప్పగా, ముక్కుతో పాడినట్టు ఉంటుంది. నలుగురితో కలిస్తేనే అందం. ఈ సంగతి ఒంటబట్టడానికి కొత్త పెట్టె కన్నా ఎక్కువ ఓపిక కావాలి. తేట ధ్వనికీ గరగరకూ వాల్యూమ్ సమానంగా పెట్టుకోవడం మరో పని. లేదంటే సోలో వచ్చినప్పుడు గొంతు పూడుకుపోతుంది.

చాలా పందిళ్లలో స్పీకర్లు మోనోలోనే నడుస్తాయి. స్టీరియో ఎఫెక్టులు కట్టేసి 'లెఫ్ట్/మోనో' అని రాసిన రంధ్రం నుంచే తీగ ఇవ్వడం మేలు. జనరేటర్ మీద 'హమ్' వస్తే గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కి చూడాలి. అడాప్టర్ మాత్రం పెట్టెతో వచ్చిందే వాడాలి. ధ్రువాలు తారుమారైన అడాప్టర్ గుచ్చితే పెట్టె కాలిపోయే ప్రమాదముంది.

వెనకాల యాంపు లేదు కాబట్టి గిటారిస్టుకు తన వాయిద్యం తనకే వినబడదు. మానిటరు అడగాలి. మన దగ్గర మానిటర్లలో మొదటి వాటా గాయకులదే. దొరక్కపోతే ఇయర్‌ఫోన్‌కు చిన్న హెడ్‌ఫోన్ యాంపు కలుపుకోవడమే గతి. లక్ష దాటే పెట్టె కొనేముందు కొన్ని వేలలో వచ్చే చిన్న పెట్టెతో నాలుగు ప్రోగ్రాములు చేసి, మిగిలిన డబ్బు సొంత మానిటరు మీద పెట్టడం తెలివైన పని.

ఇక సాఫ్ట్‌వేర్‌తో నడిచేది ఏదైనా ఒకరోజు నడిపాట మధ్యలో మొరాయించవచ్చు. అనుభవమున్నవాళ్లు సంచిలో ఓ డీఐ బాక్సు, అదనపు తీగ పెట్టుకుంటారు. పెట్టె ఆగితే గిటార్‌ను నేరుగా దానికి గుచ్చి, డిస్టార్షన్ ఊసెత్తకుండా తేట రిథమ్‌తో ఆ రాత్రి గట్టెక్కేస్తారు.