కోసిన ద్రాక్షకు చలువ కాపలా

సూరత్ నగరానికి దక్షిణపు అంచున ఉన్న ఉధ్నా పేరు చెప్పగానే మరమగ్గాల చప్పుడు గుర్తుకు వస్తుంది. తపతీ లోయ మీదుగా జల్‌గాఁవ్ నుండి వచ్చే రైలుమార్గం బొంబాయి–అహమ్మదాబాదు మార్గాన్ని కలుసుకునే కూడలి కూడా ఇదే. నేతపనిని నమ్ముకొని తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన కుటుంబాలెన్నో ఈ ప్రాంతాలలో స్థిరపడినందున, ఇక్కడి వీథులలో గుజరాతీ, మరాఠీలతోపాటు తెలుగు కూడా వినవస్తుంది. ఎండలు ముదరనారంభించే ఫిబ్రవరి, మార్చి నెలలలో సహ్యాద్రి కనుమలకు ఆవల ఉన్న నాసిక్ తోటల ద్రాక్ష లారీలలో సూరత్ ప్రాంతానికి వస్తుంది. బండి వద్ద బేరమాడే వారు సాధారణంగా పండును నొక్కి చూస్తారు. నిజానికి చూడవలసినది పండును కాదు, కాడను. గుత్తి కాడ పచ్చగా ఉన్నదా, గోధుమరంగుకు తిరిగినదా అన్నదానిని బట్టి కోసిన తరువాత ఆ గుత్తి ఎంత వేడిని అనుభవించినదో చెప్పవచ్చును.

ద్రాక్షపండులో సుమారు ఐదింట నాలుగు వంతులు నీరే. పండుపై మైనపు పొర ఉంటుంది. పైన బూడిద చల్లినట్లు కనిపించేది అదే. దానిని మందుల మరకగా భావించి తుడిచివేయడం పొరపాటు. పండులోని నీటికి అది రక్షణ కవచం. కాడకు అంతటి రక్షణ లేదు. అందువలన గుత్తి ముందుగా కాడ నుండే ఎండుతుంది. బరువులో నూటికి రెండు వంతుల నీరు పోయేసరికి కాడ గోధుమరంగుకు తిరుగుతుంది. ఐదు వంతులు పోయేసరికి పండు కూడా ముడుతలు పడుతుంది.

మామిడి, అరటివలె ద్రాక్షను కాయగా కోసి మాగవేయడం సాధ్యం కాదు. తీగ నుండి వేరుపడిన క్షణం నుండి దానికి కొత్తగా తీపి చేరదు. ఉన్న గుణం తరుగుతూ పోవడమే మిగిలినది. కనుక శీతల గిడ్డంగి ద్రాక్షను బాగుచేయజాలదు. తోటలో ఉన్న మంచిని కొంతకాలం నిలుపగలదు, అంతే. పుల్లని గుత్తిని లోపల పెడితే రెండు నెలల తరువాత పుల్లని గుత్తియే బయటికి వస్తుంది.

దక్కనులో రైతు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో ఒకమారు, అక్టోబరు ప్రాంతంలో మరొకమారు, తీగను కత్తిరిస్తాడు. పంట మాత్రం ఒక్కటే. అది కూడా అందరి తోటలలోనూ ఇంచుమించు ఒకేసారి చేతికి వస్తుంది. నిల్వచేసే వసతి లేనివాడు ఆనాటి ధరకు తలవంచక తప్పదు. సంవత్సరపు కష్టం కొద్ది వారాలలో తేలిపోతుంది.

ఈ రక్షణలో మొదటి మెట్టు గిడ్డంగిలో కాదు, తోటలోనే ఉన్నది. ఎండ ఎక్కకముందే గుత్తులు కోయాలి, నీడకు చేర్చాలి, పగిలిన పండ్లను కత్తెరతో తీసివేయాలి. ఆపైన నాలుగు నుండి ఆరు గంటలలోపల ముందస్తు శీతలీకరణ గదికి చేర్చాలి. అక్కడ చల్లగాలిని పెట్టెల గుండా బలంగా లాగి, పండు లోపలి వేడిని 4 డిగ్రీల దిగువకు తెస్తారు. ఈ తొందర ఎందుకు? 30 డిగ్రీల వద్ద గాలి ఇముడ్చుకోగల నీటి ఆవిరి, సున్నా డిగ్రీల వద్ద ఇముడ్చుకోగలదానికి ఆరు రెట్లు మించి ఉంటుంది. దాహంగొన్న ఆ వేడిగాలి కాడలోని నీటిని పీల్చివేస్తుంది. తోటలో పోయిన గంటలను గిడ్డంగిలో ఎన్ని రోజులుంచినా తిరిగి రాబట్టలేము.

తరువాతి నిల్వకు సున్నా డిగ్రీల పరిసరాలు, నూటికి 90 నుండి 95 వరకు గాలిలో తేమ అనుకూలం. ఇంకా చల్లబరిస్తే మరీ మంచిదని తోచవచ్చును. కాని సుమారు మైనస్ 2 డిగ్రీల వద్ద కాడ గడ్డకట్టుతుంది. చక్కెర ఉన్నందున పండు మరికొంత తట్టుకొంటుంది.

అసలు చిక్కు తేమతోనే. తేమ లేకపోతే కాడ ఎండుతుంది. తేమ ఉంటే బూజు పట్టుతుంది. ముఖ్యంగా బోట్రైటిస్ అనే బూడిదరంగు బూజు సున్నా డిగ్రీల వద్ద కూడా, మెల్లగానైనా, పెరుగుతూనే ఉంటుంది. ఒక పండుకు సోకితే తాకిన పండ్లన్నింటికీ పాకి, పెట్టె మధ్యలో గూడు కట్టుతుంది. చలి ఒక్కటే దీనిని ఆపలేదు గనుక సల్ఫర్ డయాక్సైడు వాయువును తోడు తెచ్చుకొన్నారు. కాలిఫోర్నియాలో 1920 దశకంలోనే ఈ పద్ధతిపై ప్రయోగాలు జరిగాయి. నేడు అట్టపెట్టెలో సన్న రంధ్రాలున్న పాలిథీన్ సంచి పరచి, గుత్తులపైన సోడియం మెటాబైసల్ఫైటు నింపిన పలుచని కాగితపు పొరను ఉంచుతారు. పెట్టెలోని తేమ తగిలి ఆ లవణం వాయువును వదలుతుంది. మొదటి ఒకటి రెండు రోజులు వేగంగా, పిమ్మట వారాల తరబడి కొద్దికొద్దిగా వదలేటట్లు ఆ పొరను అమర్చుతారు. శత్రువైన తేమ చేతనే కాపలావాని పని చేయించడం ఇందులోని చమత్కారం!

అయితే వాయువు మోతాదు మించితే తొడిమ దగ్గర పండు తెల్లబారుతుంది; రుచి చెడుతుంది. ఉబ్బసమున్నవారికి సల్ఫైటు పడకపోవచ్చును. విద్యుత్తు పోయి గది వేడెక్కినప్పుడు పెట్టెలలో నీటిచుక్కలు కట్టి, వాయువంతా ఒక్కసారిగా వెలువడే ప్రమాదమున్నది. ఆ గదిలో ఇతర కాయగూరలను ఉంచరాదు. ఆ వాయువు వాటికి హానికరం.

యంత్రాలు లేని కాలంలోనూ మనుష్యులు ఈ సమస్యతో పెనుగులాడారు. ఆఫ్ఘనిస్థాన్ పల్లెలలో గడ్డి కలిపిన మట్టితో రెండు చిప్పలు చేసి, ఎండబెట్టి, నడుమ ద్రాక్షనుంచి అంచులు మెత్తుతారు. కంగీనా అనే ఈ మట్టిపెట్టెలో శీతకాలమంతా పండు నిలుస్తుంది.

19వ శతాబ్ది చివరి దశకాలలో హైదరాబాదుకు వచ్చిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష అక్కడి నేలలో అపారంగా కాసి, తెలుగువారికి చిరపరిచితమైనది. పండు పండించడంలో మనకున్న ప్రజ్ఞ దానిని నిలపడంలో చాలాకాలం లోపించినది. మహారాష్ట్రలో రైతుల సహకార సంఘాలు కలిసి 1991లో మహాగ్రేప్స్ సంస్థను ఏర్పరచుకొని, ముందస్తు శీతలీకరణ గదులు నిర్మించుకొన్న తరువాత, సముద్రంపై వారాల ప్రయాణం చేసి ఐరోపా చేరే గుత్తికి కూడా కాడ పచ్చగా ఉండడం సాధ్యమయినది.

కాని స్వదేశపు బజారులో ఈ గొలుసు చివరి కొస ఇంకా వదులుగానే ఉన్నది. చల్లని గదిలోనుండి తీసిన పండును ఉధ్నా ఎండలో బండిపై పరచినప్పుడు దానిపై చెమట పట్టినట్లు నీరు చేరుతుంది. అణగియున్న బూజుకు అదే అదను. ఇంటికి తెచ్చుకొన్నవారు గుత్తిని కడగకుండా, రంధ్రాలున్న సంచిలో రిఫ్రిజిరేటరునందుంచి, తినబోయే ముందు మాత్రమే కడుగుకోవాలి. చెడిన పండు ఒక్కటి కనిపించినా దానిని తొడిమతో సహా కత్తిరించి పారవేయాలి.