మట్టి జుంకా... మంటకు నిలిస్తేనే!

చీర రంగుకు సరిపోయే జుంకాలు, వాటికి జతగా లాకెట్టు... టెర్రకోట నగలు చూడగానే ‘ఇంతేనా, మనమూ చేసేయొచ్చు’ అనిపిస్తుంది. నిజమే. మట్టి ముద్ద చేతికొస్తే పూసలూ, పువ్వులూ, నెమళ్లూ ఒక్క సాయంత్రంలో తయారైపోతాయి. అసలు చదువు ఆ తర్వాతే... ఆరబెట్టడం, కాల్చడం! కొత్తవాళ్లు తొందరపడేదీ, దెబ్బతినేదీ అక్కడే.

ఇది నిన్నమొన్నటి ఫ్యాషనేం కాదు. హరప్పా నాగరికత నాటి ఊళ్ల తవ్వకాల్లో మట్టి గాజులు దొరికాయి. మన సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో శాతవాహనుల కాలం నాటి మట్టి పూసలు బయటపడ్డాయి. అన్ని వందల ఏళ్లు నేలలో ఉన్నా అవి మట్టిలో కలిసిపోలేదు. బాగా కాల్చారు మరి!

కావాల్సింది జల్లెడ పట్టిన మెత్తటి బంకమట్టి. క్రాఫ్ట్‌ దుకాణాల్లో ప్యాకెట్లూ దొరుకుతాయి. గాలికే గట్టిపడే ‘ఎయిర్‌ డ్రై క్లే’, ఓవెన్‌లో పెట్టే పాలిమర్‌ క్లే మాత్రం వేరు. అవి టెర్రకోట కావు.

మట్టిని చపాతీ పిండి కన్నా ఎక్కువసేపే పిసకాలి. లోపల గాలి బుడగ మిగలకూడదు. డిజైన్లకు పెన్ను మూత, చొక్కా గుండీ, లేసు ముక్క చాలు. అతికించేచోట రెండువైపులా పిన్నుతో గీతలు గీసి, అదే మట్టిని నీళ్లలో చిక్కగా కలిపి రాయాలి. జుంకా లోపలంతా తొలిచేయాలి... చెవి తమ్మెల మీద జాలి ఉంటే! ఆరేకొద్దీ మట్టి కుంచించుకుపోతుంది కాబట్టి కొక్కెం పట్టే రంధ్రం కాస్త పెద్దగానే పెట్టాలి. జత రెండూ ఒకే ముద్దతో, ఒకే పూట చేయాలి. ఇవాళ ఒకటి, ఎల్లుండి ఒకటి చేస్తే అక్కాచెల్లెళ్లలా ఉంటాయి తప్ప కవలల్లా ఉండవు.

తర్వాత నాలుగైదు రోజులు నీడలోనే ఆరాలి. ఎండలో పెడితే పైపొర ముందే ఆరి నెర్రెలిస్తుంది. లోపల చెమ్మ మిగిలితే మంటలో ఆవిరై నగను పేల్చేస్తుంది.

ఇక కాల్చడం. సుమారు 600 డిగ్రీల సెల్సియస్‌ దాటితేనే మట్టి మళ్లీ నీళ్లలో కరగనంతగా గట్టిపడుతుంది. వంటింటి ఓవెన్‌ 250 దగ్గరే ఆగిపోతుంది. పెరడున్నవాళ్లు నగలను కుండలో ఉంచి చుట్టూ పిడకలు, ఊక పేర్చి నెమ్మదిగా రాజేస్తారు. పూర్తిగా చల్లారాకే తీస్తారు. అపార్ట్‌మెంట్‌ బాల్కనీలో ఆ సాహసం వద్దు. దగ్గర్లోని కుమ్మరిని అడిగి ఆవంలో పెట్టించుకోవడమే మేలు. పనిలో పనిగా ఆయన దగ్గర నేర్చుకునేదీ బోలెడుంటుంది.

కాలిందో లేదో తెలిసేదెలా? రంగులేయకముందే ఒక పూసను రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. మెత్తబడిందా, ఆ వాయి మొత్తం అనుమానమే! ఈ పరీక్ష చేయకుండానే వాట్సాప్‌ గ్రూపులో ఫొటోలు పెట్టి ఆర్డర్లు తీసుకుంటే, నగ కొన్నవాళ్ల చెమటకే మెత్తబడొచ్చు. అలా పోయిన పేరు మళ్లీ రావడం కష్టం.

రంగులకు అక్రిలిక్‌ సరిపోతుంది. కొక్కేలు మాత్రం నికెల్‌ లేనివి తీసుకోవాలి. కొందరి చెవులకు ఆ లోహం పడక దురద, పుండ్లు వస్తాయి.

అమ్మాలనుకుంటే ధర దగ్గర మొహమాటం పనికిరాదు. చాలామంది మట్టి, రంగు, కొక్కేల ఖర్చే లెక్కేస్తారు. వారం రోజుల పనిని కలపరు. ఆవంలో పగిలినవాటినీ కలపరు. పది జతల్లో మూడు పగిలితే, వాటి ఖర్చు కూడా మిగిలిన ఏడే మోయాలి.